పొగ బయటికి పోయే దారి

నాలుగింటికల్లా పడవని నీళ్ళలోకి దింపేస్తానని క్రేన్ అతను చెప్పి వెళ్ళేసరికే మూడు కావస్తోంది, పొగగొట్టం ఇంకా బిగించనే లేదు. మూడేళ్ళుగా ఈ పడవకి ఎవరెవరో ఏవేవో పనులు చేశారు, వడ్రంగి కుళ్ళిన పలకలు ఊడదీసి కొత్తవి వేశాడు, రంగులవాళ్ళు వచ్చారు, వైర్లవాడు వచ్చాడు, ఇంజన్ని ఎక్కడికో తీసుకుపోయి విప్పి కడిగి మళ్ళీ తెచ్చి కూర్చోబెట్టారు, ఈ ఒక్క పని మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా మరదలు మేస్త్రి కోసమే అట్టిపెట్టింది, "ఇది మీరే చెయ్యాలి బావగారూ" అని. ఎందుకో ఆమె చెప్పలేదు, తనూ అడగలేదు. మేస్త్రి వెనకవైపు చెక్కమూత ఎత్తి, ముందు కాళ్ళు, తర్వాత నడుము, ఆఖరికి ఒక్కొక్క భుజమే ఒంచుకుంటూ పడవ అడుగులోకి దిగాడు. అరవై మూడేళ్ళ ఒంటికి ఆ సందు చాలదు. బస్సు డిపోలో ముప్ఫై నాలుగేళ్ళు ఇంజన్ల కింద వెల్లకిలా పడుకున్నవాడే, కానీ బస్సు కింద ఎంత లేదన్నా గాలి ఆడుతుంది, అటు దొర్లినా ఇటు దొర్లినా ఓ మూల వెలుతురు కనిపిస్తుంది, ఇక్కడ మోచెయ్యి కదిపితే పలక, మోకాలు కదిపితే పలక, తలెత్తితే ఇంజన్. టార్చి పళ్ళ మధ్య కరుచుకుని ఎడమచెయ్యి చాపితే సామానంతా చేతికందేలా ఉంది. మరదలు పాత తువ్వాలు పరిచి వరసగా పేర్చి పెట్టింది, ఒక్కొక్కదానికీ కాగితం ముక్క కట్టి పేరు రాసింది, వంపు, పొట్టి రబ్బరు గొట్టం, పొడుగు రబ్బరు గొట్టం, నీళ్ళ డబ్బా, బిగింపు పట్టీలు ఎనిమిది. ఆమె ఇంట్లోనూ అంతే, ఉప్పు డబ్బా మీద ఉప్పు అని ఉంటుంది, పొయ్యి పైన గోడ మీద 'కట్టేశానా?' అని ఉంటుంది, వీధి తలుపుకి లోపలివైపు 'తాళంచెవి చేతిలో ఉందా?' అని. కొత్తవాళ్ళు చూస్తే ఆ ఇంట్లో గోడలే మాట్లాడుతున్నాయనుకుంటారు.

మొదట వంపు. ఇంజన్ పొగ వదిలే చోట ఇనుప మోచెయ్యిలా కూర్చునే ముక్క ఇది, మధ్యలో సందు మూసే పల్చటి గాస్కెట్, నాలుగు బోల్టులు. ఒకటి బిగించి పక్కదానికి పోకూడదు, దాని ఎదురుదానికి పోవాలి, కొంచెం దీనికి, కొంచెం దానికి, నలుగురు పిల్లలకి అన్నం కలిపి ముద్దలు పెట్టినట్టు, లేకపోతే ఒక పక్క నొక్కుకుపోయి ఇంకో పక్క వెంట్రుకంత సందు మిగులుతుంది, వెంట్రుకంత సందు చాలు పొగకి. చిన్నోడికి ఎన్నిసార్లు చెప్పాడో. చిన్నోడంటే తమ్ముడు, మరదలి మొగుడు, నలభై ఎనిమిదేళ్ళు వచ్చినా ఇంట్లో అందరికీ చిన్నోడే, ఆఖరికి ఆసుపత్రి కాగితాల మీద అసలు పేరు చూసి ఇదెవర్రా అని ఒక్క క్షణం తడుముకోవాల్సి వచ్చింది. చిన్నోడు బోల్టులు గుండ్రంగా బిగించేవాడు, ఒకదాని పక్కన ఒకటి, తొందర. గోడ గడియారం విప్పాడు ఎనిమిదేళ్ళప్పుడు, మళ్ళీ బిగించాక రెండు చక్రాలు మిగిలాయి, అవి జేబులో వేసుకుని "ఇవి లేకపోయినా నడుస్తోందిగా" అన్నాడు, నిజంగానే ఆ గడియారం నడిచింది, రోజుకి పావుగంట ముందుగా, నాన్న దాన్ని చూసి రోజూ పెందరాళే పనికి పోయి గేటు తియ్యలేదని తిట్టుకునేవాడు. అన్నదమ్ములిద్దరూ దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్ళు. మేస్త్రి స్పానరు ఆపి నోట్లోంచి టార్చి తీశాడు. దవడ నొప్పి. నవ్వొస్తే టార్చి పడిపోయేలా ఉంది, నవ్వు రాలేదు కూడా, కళ్ళలోకి చెమట దిగింది అంతే.

"బావగారూ, టీ తాగుతారా?" పైనుంచి మూత సందులో మరదలి మొహం కనిపించింది, తలకి గుడ్డ కట్టుకుని ఉంది, ముక్కు మీద కొత్త రంగు చుక్క.

"ఇందాకే ఇచ్చావమ్మా."

"ఇచ్చానా?" ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "పరవాలేదే, మంచిదాన్నే. బాగుందా?"

"చక్కెర రెండుసార్లు వేసినట్టున్నావు."

"అయితే ఇచ్చింది నేనే," అని నవ్వి వెళ్ళిపోయింది. తల మీద ఆమె అడుగుల చప్పుడు క్యాబిన్‌లోకి పోయింది, బెంచీ మూత తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు, కాసేపాగి మళ్ళీ అదే మూత తెరిచిన చప్పుడు. తొమ్మిదేళ్ళుగా ఇంతే. కొన్ని మాటలు ఆమెలో నిలుస్తాయి, కొన్ని జారిపోతాయి, ఏవి నిలుస్తాయో ఏవి జారతాయో ఆమెకే తెలియదు. పోయినేడు ఎవరో చెప్పిన బస్సు నంబరు గుర్తుంటుంది, పొద్దున్న తిన్నానో లేదో గుర్తుండదు. చేతులకి మాత్రం మతిమరుపు లేదు. ఉప్పుకాగితం రుద్దడం వడ్రంగి ఒక్కసారి చూపించాడు, మర్నాడు ఆమె "ఇదెప్పుడు నేర్చుకున్నాను?" అంటూనే గీత పడకుండా రుద్దుతోంది, పలకల సందుల్లో దూది దట్టించడం, దాని మీద మైనం పట్టించడం, అన్నీ అలాగే చేతులే నేర్చుకున్నాయి. ఈ పడవలో సగం పని ఆ చేతులదే. పోయింది మాత్రం పూర్తిగా పోయింది, ఆ శుక్రవారానికి ముందరి మూడు వారాలు. ఆ మూడు వారాల్లో మొగుడు తనతో ఏం మాట్లాడాడో, ఏం తిన్నారో, దేనికి పోట్లాడుకున్నారో, దేనికి నవ్వుకున్నారో ఏమీ లేవు ఆమె దగ్గర.

నాలుగో బోల్టు బిగిసింది. వంపు మెడలోకి ఒక చిన్న గొట్టం వచ్చి కలుస్తుంది, ఇంజన్ని చల్లబరిచిన నీళ్ళు అందులోంచి వచ్చి వేడి పొగలో కలుస్తాయి, పొగ చల్లబడుతుంది, అందుకే పడవకి ఇనుప గొట్టం బదులు రబ్బరు గొట్టం సరిపోతుంది. బస్సుకైతే ఈ బాధ లేదు. బస్సు సైలెన్సర్ ఊడితే వీధి వీధంతా చెవులు మూసుకుని డ్రైవర్ని తిడుతుంది, పడవలో ఊడితే చప్పుడు కూడా పెద్దగా మారదు, పలకల కింద, పడుకునే బెంచీల కింద, మెల్లిగా చేరుతుంది పొగ, అందులో మనిషిని తీసుకుపోయే గ్యాసుకైతే వాసనే ఉండదు, రంగుండదు. వాసన వచ్చేది దాని వెంట వచ్చే పొగకి. ఆ వాసన వచ్చింది. వచ్చిందని చిన్నోడు ఫోన్ చేశాడు కూడా. మంగళవారం. పొద్దున తొమ్మిది, తొమ్మిదిన్నర. మేస్త్రి చెయ్యి చీకట్లో పొట్టి రబ్బరు గొట్టం కోసం వెతికింది, దొరికినదాన్ని వదిలేసి మళ్ళీ వెతికింది.

గొట్టం ఎక్కడం లేదు. బిరుసుగా ఉంది, కొత్తది. సబ్బు నీళ్ళు రాసి రెండు చేతులా పట్టుకుని మెలితిప్పుతూ తొయ్యాలి, పిల్లాడికి బిగుతు చొక్కా తొడిగినట్టు, ఛాతీతో ఆన్చి తోశాడు, ఊపిరి బిగబట్టి తోశాడు, అంగుళం ఎక్కింది, ఇంకో అంగుళం. రెండు పట్టీలు వెయ్యాలి ప్రతి అతుకు దగ్గరా, ఒకదాని స్క్రూ ఇటు ఉంటే రెండోదాని స్క్రూ అటు, ఒకటి వదులైనా రెండోది పట్టుకుంటుంది. నాలుగు అతుకులు, ఎనిమిది పట్టీలు. చిన్నోడు వేసింది ఒక్కటి. ఆ ఒక్క పట్టీ, రెండోదానికి బదులు కట్టుతీగ, నాలుగు చుట్లు చుట్టి కొస మెలిపెట్టింది. ఆ ముక్కని తర్వాత ప్లాస్టిక్ సంచిలో వేసి ఇన్‌స్పెక్టర్ బల్ల మీద పెట్టాడు, మీరు మెకానిక్కు కదా, ఇది మీరెప్పుడైనా చూశారా అని అడిగాడు, నేను చూడలేదండీ అన్నాడు మేస్త్రి. అబద్ధం కాదు. చూడలేదు. చూడకపోవడమే కదా. చూడమనే కదా వాడు పిలిచింది. ఇన్‌స్పెక్టర్ రాసుకున్నాడు, ప్రమాదం అని రాసుకున్నాడు, సంచి తీసేశాడు. బల్ల మీద ఆ సంచి పెట్టిన చోట తడి మరక మిగిలింది, కిటికీలోంచి ఎండ పడుతోంది, అది ఆరిపోయేదాకా మేస్త్రి దాన్నే చూస్తూ కూర్చున్నాడు, ఇంక వెళ్ళొచ్చండీ అని వాళ్ళు రెండోసారి చెప్పేదాకా.

ఎందుకు వెళ్ళలేదంటే పెద్ద కారణం ఏమీ లేదు, ఉంటే బాగుండేది. జ్వరమో, డ్యూటీయో, ఇంట్లో ఎవరికైనా బాగోలేకపోవడమో, అలాంటిది ఒకటి ఉంటే దాని వెనక నిలబడేవాడు. ఆ మంగళవారం సెలవే. చెయ్యాల్సిన పని కూడా లేదు. తనకి కోపం, అంతే. బోడి పడవ, ఎవరో వదిలేసిన తుక్కు, చిన్నోడు తెచ్చుకుని తనే అన్నీ బిగించుకున్నాడు, ఇంట్లో ముప్ఫై ఏళ్ళు ఇంజన్లు విప్పినవాడు ఒకడున్నాడని ఒక్క మాట అడగలేదు, లారీ తుక్కులోంచి గొట్టాలు ఏరుకొచ్చి పెట్టుకున్నాడు, పెట్టుకుని, చూశావా అన్నయ్యా నడిచేస్తోంది అని ఊరంతా చెప్పుకున్నాడు. నన్నడక్కుండా బిగించుకున్నాడుగా, ఆదివారం దాకా ఆగనీ, కొంచెం పొగ పీల్చనీ, అప్పుడు తెలుస్తుంది. ఆ మాట పైకి అనలేదు, మనసులో అనుకున్నాడు. పైకి అన్న మాట వేరే ఉంది. దాని దగ్గరికి వచ్చేసరికి మేస్త్రి తల ఎప్పుడూ పక్కకి తిప్పుకుంటుంది, తొమ్మిదేళ్ళుగా అంతే, ఇప్పుడూ స్క్రూడ్రైవరు జారి బొటనవేలికి గుచ్చుకుంది, హమ్మయ్య అనిపించింది.

శుక్రవారం మధ్యాహ్నం వాన. వాళ్ళిద్దరూ అవతలి గట్టు దాకా పోయి తిరిగొస్తున్నారు, జల్లు కొడుతోందని క్యాబిన్ కిటికీలు మూసుకున్నారు, తలుపు మూసుకున్నారు, గాలికి కొట్టుకుపోకుండా ఇంజన్ నడుస్తూనే ఉంది, పడవని తిప్పే చక్రం కూడా లోపలే. పడవ తనంతట తనే మెల్లిగా వచ్చి బురదగట్టుకి ముక్కు ఆనించి, అక్కడే కొట్టుకుంటూ నిలబడిపోయింది, అవతలి రేవు నుంచి జనాన్ని దాటించేవాళ్ళు ఇదేమిటి ఇలా ఉందని దగ్గరికి వచ్చి తలుపు తీశారు. మరదలు తలుపు పక్కనే నేల మీద పడి ఉంది, తలుపు కింద రెండు వేళ్ళ సందు, ఆ సందు దగ్గర ఆమె ముక్కు. చిన్నోడు చక్రం దగ్గర. వాళ్ళిద్దరికీ మధ్య రెండు మూరలు. ఆరో రోజున ఆమెకి తెలివి వచ్చింది, మొగుడు లేడని చెప్పారు, ఏడిచింది, పడుకుంది, లేచి ఆయనేరీ అంది, మళ్ళీ చెప్పారు. అలా ఎన్నిసార్లో. అది నిలవడానికే నెల పట్టింది. నిలిచాక ఆమె అడిగిన మొదటి ప్రశ్న బావగార్ని, మంచం మీద కూర్చుని దిండు ఒళ్ళో పెట్టుకుని, "ఆ వారం ఆయన మీతో ఏమైనా మాట్లాడారా బావగారూ?" చుట్టూ జనం. అతని భార్య పండు కోస్తోంది. "లేదమ్మా," అన్నాడు. తర్వాత కూర తరుగుతూ అడిగింది, డాక్టరు గది బయట వరసలో నిలబడి అడిగింది, ఓసారి పెళ్ళిలో వడ్డన మధ్యలో విస్తరి ముందు నుంచి లేచొచ్చి అడిగింది, ప్రతిసారీ కొత్తగా, ఇప్పుడే తట్టిన ఆలోచనలా కళ్ళు పెద్దవి చేసుకుని. ఆమెకి ప్రతిసారీ అది మొదటిసారే. అతనికి కాదు. లేదమ్మా, లేదమ్మా, మాట్లాడలేదమ్మా.

ఇప్పుడు నీళ్ళ డబ్బా. ఇంజన్ ఆగినప్పుడు గొట్టంలో మిగిలిన నీళ్ళన్నీ వెనక్కి ఇంజన్‌లోకి పోకుండా ఇందులోకి జారి నిలవాలి, అందుకని దీన్ని అన్నిటికంటే కిందుగా కూర్చోబెట్టాలి, దారి పొడుగునా ఎక్కడా ఎత్తుపల్లాలు లేకుండా వాలు ఇవ్వాలి. మట్టపు సీసా పెట్టి చూశాడు, ఎడంపక్కకి అరంగుళం ఎత్తుంది, కింద చెక్క చెక్కి సరిచేశాడు, పట్టా బిగించాడు. రెండో అతుకు, రెండు పట్టీలు. మూడో అతుకు, రెండు పట్టీలు. మూడేళ్ళ క్రితం మరదలు ఈ పడవని మళ్ళీ బాగుచేయిస్తానంటే ఇంటిల్లిపాదీ నోరు వెళ్ళబెట్టారు, దాన్ని తగలబెట్టాలిగానీ బాగుచెయ్యడం ఏమిటే అంది అతని భార్య, తోడికోడలి చేతులు పట్టుకుని ఏడిచింది కూడా. మరదలు అందరూ పోయాక అతనితో చెప్పింది. "నాకు ఆ మూడు వారాలు కావాలి బావగారూ. ఇంట్లో ఎంత వెతికినా దొరకలేదు. అవి అక్కడే ఉన్నాయి. ఆ ఇంజన్ చప్పుడు వింటూ ఆ క్యాబిన్‌లో కూర్చుంటే ఏదో ఒకటి రాదూ? ఒక్క ముక్కయినా?" డాక్టర్ని అడిగితే అలా జరగదన్నాడు, పోగొట్టుకున్న సామాను లాంటిది కాదండీ అది, అసలు లోపల రాసుకోనేలేదు అన్నాడు. ఆమె వినలేదు, లేక విన్నది జారిపోయింది. మేస్త్రి మాత్రం ఆ రాత్రి నుంచి భయంతో బతికాడు. ఒక్క ముక్కయినా వస్తే? ఆ ముక్క ఆ మంగళవారమే అయితే? మూడేళ్ళుగా పలక మీద పలక పడుతోంటే, రంగు మీద రంగు పడుతోంటే, వచ్చి చూసి బాగుందమ్మా అని వెళ్ళేవాడు, ఇంటికి పోయాక అన్నం సహించేది కాదు.

ఒక్క బోల్టు చాలు. ఇప్పుడు వెనక్కి పాకి ఆ వంపు బోల్టుని ఇంకో చుట్టు బలం పట్టి తిప్పితే మర ఊడి కూర్చుంటుంది, పని ఆగిపోతుంది, కొత్త ముక్క రావాలి, వారమో నెలో, ఈలోగా వానలొస్తాయి, వానల్లో దింపరు. ఎవరికీ అనుమానం రాదు. పాత ఇనుము, ఏం చేస్తాం అంటే సరిపోతుంది. మేస్త్రి నిజంగానే వెనక్కి పాకాడు, స్పానరు బోల్టు తలకి తగిలించాడు కూడా. అదే బోల్టు, చెయ్యి చాచినంత దూరంలో పైన క్యాబిన్, అందులో ఎవరి ఊపిరి ఎక్కడ ఆగిందో అతనికి తెలుసు. స్పానరు మీద అరచెయ్యి అలాగే ఉంది. ఎంత బిగించాలో అంత బిగిసే ఉంది, చెయ్యికి తెలుస్తోంది. పైన మరదలు ఏదో కూనిరాగం తీస్తోంది, సగంలో ఆపి మళ్ళీ మొదటికొస్తోంది. స్పానరు తీసేశాడు. పొడుగు గొట్టాన్ని డబ్బా నుంచి పైకి, పడవ అంచుకి ఆనేంత పైకి లేపి అక్కడ వంచి కట్టాడు, వెనకనుంచి అల కొట్టినా నీళ్ళు ఆ ఎత్తు దాటి లోపలికి రాకూడదు, అక్కడినుంచి కిందికి దింపి వెనక పలకలోని రంధ్రానికి తొడిగాడు, ఏడో పట్టీ, ఎనిమిదో పట్టీ. టార్చి ఆర్పేసి చీకట్లో చేత్తో మొత్తం దారిని తడిమాడు, మొదటి గాస్కెట్ నుంచి ఆఖరి అంచు దాకా, ఒక్కొక్క స్క్రూ తల మీద వేలు ఆనించి. తొమ్మిదేళ్ళ కిందట చేస్తే పావుగంట పని.

"మేస్త్రీ, అందులోనే కాపురం పెట్టేశావా ఏంటి?" బయటినుంచి క్రేన్ అతని గొంతు. "నీళ్ళు ఇప్పుడే పోటు మీద నిండుగా ఉన్నాయి, ఇంకాసేపైతే వెనక్కి తీసేస్తాయి. ఎత్తమంటావా?"

"ఎత్తు," అన్నాడు మేస్త్రి, పైకి పాకి వచ్చి గట్టు మీదికి దిగుతూ.

రెండు బెల్టుల మీద పడవ గాల్లోకి లేచింది, మరదలు గట్టు మీద నిలబడి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నీళ్ళని తాకినప్పుడు పెద్ద చప్పుడేమీ రాలేదు. వడ్రంగి లోపలికి దూకి అడుగు పలకలన్నీ చూసి, ఒక్కచోట ఊరుతోందిగానీ రేపటికి చెక్క ఉబ్బి ఆగిపోతుందిలే అన్నాడు, చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు. మేస్త్రి పడవెక్కి తాళంచెవి తిప్పాడు. ఇంజన్ రెండుసార్లు దగ్గింది, మూడోసారి అందుకుంది. పరిగెత్తి వెనక్కి పోయి ఒంగి చూశాడు, ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఏమీ రావడం లేదు, అయిదు, అప్పుడు గొట్టం కొసనుంచి గుక్కెడు నీళ్ళు భళుక్కున బయటపడ్డాయి, వాటి వెంట పొగ, ఆగి మళ్ళీ గుక్కెడు. కిందికి దిగి ప్రతి అతుకు దగ్గరా పల్చటి కాగితం ముక్క పట్టి చూశాడు. కాగితం కదల్లేదు. నాలుగు చోట్లా కదల్లేదు. క్యాబిన్ గోడకి కొత్తగా పెట్టిన గ్యాసు అలారం పచ్చదీపం వెలుగుతోంది.

మరదలు లోపలికి వచ్చి కిటికీలు మూసింది. ఒక్కొక్కటే, గడియ పెట్టి. తలుపు దగ్గరికి వచ్చి, "మీరు బయట ఉంటారా బావగారూ?" అంది.

"నువ్వు లోపలుంటే నేను బయటెలా ఉంటానమ్మా?"

తలుపు మూసి ఎదురెదురుగా కూర్చున్నారు, బెంచీల మీద, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా. ఇంజన్ చప్పుడు పలకల్లోంచి వెన్నులోకి ఎక్కుతోంది. ఆమె కళ్ళు మూసుకుంది. మేస్త్రి ఒక కన్ను పచ్చదీపం మీద, ఒక కన్ను ఆమె మొహం మీద పెట్టుకుని, ముక్కుతో గాలి పీలుస్తూ, వార్నిష్, రబ్బరు, సబ్బు, ఇంకేమీ లేదు, ఇంకేమీ లేదు అనుకుంటూ కూర్చున్నాడు. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. వస్తోంది, అనుకున్నాడు. పెదవులు కదిలాయి. కనుబొమలు విడిపోయాయి. మళ్ళీ ముడిపడ్డాయి. ఎంతసేపో. మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు దిగి గడ్డం దాకా వచ్చాయి, ఆమె తుడుచుకోలేదు, కళ్ళు తెరిచి చుట్టూ చూసింది, చక్రం వైపు, బెంచీ మూత వైపు, తను రుద్ది నున్నగా చేసిన గోడల వైపు.

"ఏమీ రాలేదు బావగారూ," అంది. "ఇల్లు బాగుంది. ఎవరిదో ఇల్లు."

మేస్త్రి అనుకోలేదు, చెబుదామని తీర్మానించుకోలేదు, నోరు తనంతట తనే తెరుచుకుంది. "వాడు నాకు ఫోన్ చేశాడమ్మా," అన్నాడు. "మంగళవారం పొద్దున. క్యాబిన్‌లో పొగవాసన వస్తోంది, వచ్చి చూడమని పిలిచాడు. నేను రాలేదు."

ఆమెకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమవడం అతని కళ్ళ ముందే జరిగింది.

"నేనెప్పుడైనా అడిగానా మిమ్మల్ని? ఫోన్ చేశారా అని?"

"అడిగావు."

"మీరేమన్నారు?"

"లేదన్నాను."

"ఎన్నిసార్లు అడిగాను?"

"చాలాసార్లమ్మా. మొదట్లో లెక్క పెట్టాను. తర్వాత మానేశాను."

ఆమె లేచి తలుపు తీసుకుని బయటికి పోయింది. వెనక కొసన అతనికి వీపు చూపిస్తూ నిలబడింది, గొట్టంలోంచి నీళ్ళు పడుతున్న చోటే చూస్తూ. గట్టు మీద క్రేన్ అతను చెయ్యి ఊపి బొటనవేలు చూపించాడు, బాగుందా అన్నట్టు, ఆమె చూడలేదు. వెళ్ళిపోతుంది, అనుకున్నాడు మేస్త్రి, వెళ్ళిపోనీ, గట్టెక్కి ఇంటికిపోయి అందరికీ చెప్పనీ, చెప్పేలోపు మర్చిపోతుందా, మర్చిపోవాలని తను కోరుకుంటున్నాడా, ఛీ. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని చూసుకున్నాడు. గోళ్ళ కింద సబ్బు, గ్రీజు, బొటనవేలి మీద ఎండిన రక్తం. రానివ్వకూడదనుకున్నా ఏడుపు వచ్చింది, చప్పుడు లేకుండా, భుజాలు మాత్రం ఊగాయి, పడవ కూడా కొంచెం ఊగింది.

ఆమె తిరిగి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతులో కోపం ఉంది, కానీ ఎదురుగా అదే చోట కూర్చుంది. "మొత్తం చెప్పండి," అంది. "హలో దగ్గర్నుంచి. ఒక్క మాట వదలకూడదు. నా దగ్గర ఏదీ లేదు, మీ దగ్గర ఉందిగా, ఇన్నాళ్ళూ మీ దగ్గరే దాచుకున్నారుగా."

అది తన తప్పు మాత్రమే అనుకుంటూ వచ్చాడు తొమ్మిదేళ్ళూ. ఆ మాటలు ఆమె సొమ్మని ఒక్కసారీ తోచలేదు.

"హలో అన్నయ్యా, తిన్నావా అన్నాడు," మొదలుపెట్టాడు మేస్త్రి. "తిన్నాను, ఏంటి పొద్దున్నే అన్నాను. పడవలో పొగవాసన వస్తోంది, నువ్వొచ్చి చూడాలి, నాకు తెలియడం లేదు అన్నాడు. తెలియదని వాడు నాతో అనడం అదే మొదలమ్మా. నాకు లోపల సంతోషమేసింది. అన్నీ తెలిసినవాడివిగా అన్నాను. తిట్టుకో, కానీ రా అన్నాడు. ఆదివారం వస్తాలే అన్నాను." ఆగాడు. ఇక్కడే తల పక్కకి తిరిగిపోతుంది ఎప్పుడూ. ఆమె అతని మొహాన్నే చూస్తోంది. "అప్పటిదాకా చావవులే, అన్నాను."

ఇంజన్ చప్పుడు. ఆమె ముందుకి ఒంగింది.

"ఆయనేమన్నారు?"

"నవ్వాడు. నేను పోతే నువ్వెవర్ని తిడతావు అన్నయ్యా అన్నాడు. నేనూ నవ్వాను. ఇద్దరం నవ్వాం."

"నేనెక్కడున్నాను?"

"పక్కనే ఉన్నావు. వెనకనుంచి అరిచావు. వాడు ఫోన్ నీవైపు పెట్టాడు."

ఆమె బెంచీ అంచు పట్టుకుంది. "నేనా? ఏమన్నాను?"

"ఆదివారం బావగార్ని ఖాళీ కడుపుతో రమ్మనండి, పోయినసారి ఇంట్లో మెక్కి వచ్చి నా వంటకి వాసన చూసి వెళ్ళారు అన్నావు. వాడు పగలబడి నవ్వుతూ, విన్నావా అన్నయ్యా, ఇది నిన్ను కూడా వదలడం లేదు అన్నాడు. నువ్వు ఇంకేదో అన్నావు, వినపడలేదు, గిన్నె కింద పడిన చప్పుడు. ఉంటాను అన్నయ్యా, ఇదేదో పారబోసింది అని పెట్టేశాడు. అంతే. ఇంకేం లేదు."

ఆమె పైట నోట్లో కుక్కుకుంది. అది నవ్వో ఏడుపో అతనికి తెలియలేదు. తర్వాత మొహం తుడుచుకుని, "రేపటికి ఇది నాలో ఉండకపోతే?" అంది.

"మళ్ళీ చెబుతాను."

"ఆ చావు మాట కూడానా?"

"అది కూడా."

"దాటేస్తే నాకు తెలియదుగా."

"దాటెయ్యను."

ఆమె అతన్ని పరీక్షగా చూసింది. నమ్మిందో లేదో, క్షమించిందో లేదో, ఆ చూపులో ఏదీ కనిపించలేదు, అడిగే హక్కు మేస్త్రికి లేదు. "అయితే ఇప్పుడే ఇంకోసారి చెప్పండి," అంది ఆమె. "చేతులకి నేర్పినట్టు నేర్చుకుంటాను." అతను చెప్పాడు. ఆమె పెదవులు కదుపుతూ వెంట వచ్చింది, తడబడ్డచోట చెయ్యెత్తి ఆపింది, మళ్ళీ వెనక్కి తీసుకెళ్ళింది. బయట నీళ్ళు తీయడం మొదలైనట్టుంది, గట్టు నెమ్మదిగా ఎత్తు పెరుగుతోంది. మూడోసారి మొదలుపెట్టారు. హలో అన్నయ్యా, తిన్నావా, దగ్గర్నుంచి ఆదివారం దాకా అతను చెప్పాడు, చావు మాట చెప్పాడు, ఇద్దరూ నవ్వారని చెప్పాడు, వాడు ఫోన్ నీవైపు పెట్టాడు అని చెప్పి ఊపిరి తీసుకునేలోపే ఆమె మెడ చాచి, ఎవరో పక్క గదిలో ఉన్నట్టు గొంతెత్తి, "బావగార్ని ఖాళీ కడుపుతో రమ్మనండి," అంది.